అనంతగిరి కాఫీ వెతుక్కుంటూ పెద్దేముల్ దాకా

మా బడిలో పిల్లల చేత నీళ్ళ మీద గోడపత్రిక రాయిస్తున్నాను. సైన్సు పాఠాలు నావి. కిలో బియ్యానికి ఎన్ని నీళ్ళు, ఒక నూలు చొక్కాకు ఎన్ని నీళ్ళు అని వాళ్ళు రంగు పెన్నులతో రాసుకుపోతున్నారు. చివర్లో ఒకమ్మాయి "కప్పు కాఫీకి దాదాపు నూట ముప్పై లీటర్లు" అని రాసి, తలెత్తి నా బల్ల మీదున్న స్టీలు గ్లాసు వంక చూసింది. అది ఆ పూట నా మూడో కాఫీ. గ్లాసులో కనపడేది గుక్కెడు నీళ్ళే గానీ చెట్టు పెరగడానికి, పండు తోలు తీసి కడగడానికి, గింజ మన చేతికి వచ్చేదాకా ఎక్కడో ఖర్చయిన నీళ్ళన్నీ ఆ లెక్కలోకి వస్తాయని వాళ్ళకు చెప్పింది నేనే. చెప్పి ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేను. ఒక లెక్క నా బుర్రలో దూరిందంటే దాన్ని కళ్ళతో చూసేదాకా నాకు కాలు నిలవదు. మా ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టి, ఆ రాత్రి భోజనాల దగ్గర నేను కాఫీ గింజల గురించి మాట్లాడుతుంటే ఎవరూ కిక్కురుమనలేదు.

సరిగ్గా ఆ వారంలోనే సువార్త ఫోన్ చేసింది. సువార్త మా బడిలో ఆటల టీచరుగా చేసేది. కరోనా తర్వాత ఉద్యోగం వదిలేసి భర్త దావీదుతో కలిసి అతని ఊరికి, తాండూరు పక్కన పెద్దేముల్ దగ్గరి పల్లెకు వెళ్ళిపోయింది. రెండు బర్రెలను పెట్టుకుని పాలు పోస్తోందని, వాటికి గౌరి, చుక్క అని పేర్లు పెట్టిందని వాట్సాప్ స్టేటస్‌లు చూసి నాకు తెలుసు. మనుషుల పుట్టినరోజులు మర్చిపోతుందేమో గానీ ఆ బర్రెల ఫొటో పెట్టడం మాత్రం మర్చిపోదు.

"అక్కా, మా కాఫీ పూసింది. గీ శనివారం జర తీరిక చేస్కొని రా" అంది.

"తాండూరులో కాఫీ ఏంటే?"

"అయ్యో, మన అనంతగిరి కాఫీ! మూడేండ్ల కింద మామిడి చెట్ల నీడకు పెట్టినం. తోటంత పూసినంకనే నీకు చెప్దామని ఆగిన."

ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఉన్న బోరు ఆగి ఆగి పోస్తోంది, కాఫీ మొక్కలకు చాలడం లేదు. సోమవారం పొద్దున కొత్త బోరు వేయడానికి లారీ వస్తోంది. ఆ ఖర్చు కోసం గౌరినీ చుక్కనూ అమ్మేస్తున్నారు. శనివారం సాయంత్రం నాలుగింటికి బేరగాడు బయానా డబ్బు పట్టుకుని వస్తాడు. "బోరు పడితే మల్ల కొనుక్కుంటం తియ్, ఏం ఫికర్ లేదు" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. నేను మాత్రం ఫోన్ పెట్టేశాక వంటింట్లోకీ వరండాలోకీ ఊరికే తిరిగాను. కాఫీ నీళ్ళ లెక్క కళ్ళతో చూడాలన్నాను కదా, చూడమని పిలుపే వచ్చింది. అయినా ఆ బర్రెల మాట నాకు మింగుడు పడలేదు.

శనివారం పొద్దున్నే లింగంపల్లిలో తాండూరు వైపు వెళ్ళే రైలెక్కాను. మామూలు టికెట్ యాభై రూపాయల లోపే, వికారాబాద్‌కు సుమారు గంట ప్రయాణం. నేరుగా తాండూరులో దిగితే సరిపోయేది, కానీ నా పద్ధతి వేరు. అనంతగిరి కాఫీ అంటున్నారు కాబట్టి ముందు అనంతగిరి గుట్ట ఎక్కి, అక్కడ పండే కాఫీని చూసి, తర్వాత సువార్త తోటను చూస్తే పోల్చుకోవడానికి వీలుగా ఉంటుందని లెక్క వేసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్న నాకు అనంతగిరి అంటే సెలవు రోజున కార్లు బారులు తీరే వికారాబాద్ గుట్టే. ఆ పేరులో ఇంకో సందేహం ఉండవచ్చని తట్టనే లేదు. శంకర్‌పల్లి దాటాక కిటికీ అవతల దున్ని వదిలేసిన ఎర్ర చేలు, పూత రాలిన మామిడి తోటలు. పక్క సీటామె రెండుసార్లు "కూసోండ్రి మేడమ్, స్టేషన్ ఇంక రాలే" అంది. నేను రెండుసార్లూ కూర్చుని మళ్ళీ లేచాను.

వికారాబాద్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాను. గుట్ట మీదికి పోయి రావడానికి, అక్కడ ఒక గంట ఆగడానికి నాలుగు వందలు అడిగి మూడు వందల యాభైకి ఒప్పుకున్నాడు. ఆరు కిలోమీటర్ల దారి. సొంత బండి లేనివాళ్ళు పోను మాత్రమే మాట్లాడుకోకండి, తిరిగి రావడానికి పైన ఆటోలు దొరక్క ఇబ్బంది పడతారు. గుట్ట కిందే పుట్టి పెరిగాడట డ్రైవరు. కాఫీ తోటలు ఎటువైపని అడిగాను.

"కాఫీ షాపా మేడమ్? రిసార్టుల ఉంటది."

"షాపు కాదు బాబూ, చెట్లు."

"చెట్లకేం, మస్తున్నయ్. గవన్నీ చెట్లే కద!" అని రెండు వైపులా చెయ్యి చూపించాడు. రెండు వైపులా ఆకు రాలిన టేకు, మోదుగ. ఎండాకాలం అనంతగిరికి వెళ్ళేవాళ్ళు పచ్చదనం కోసం వెళ్తే నిరాశ పడక తప్పదు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అంటారు గానీ ఏప్రిల్‌లో ఆ వాగు జాడ రాళ్ళ మీద తడి చారలా కూడా లేదు.

గుడి దగ్గర మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఒకామె దుకాణంలో టీ డబ్బా పక్కన కాఫీ పాకెట్ల దండ వేలాడుతోంది. ఒకటివ్వమన్నాను. ఆమె పాకెట్ చింపి వేడి పాలలో పోసి గరిటెతో తిప్పింది.

"ఇక్కడ కాఫీ ఎక్కడ పండిస్తారమ్మా?"

"ఈడ సీతాఫలం పండుతది, చింతపండు పండుతది. కాఫీ దుకాన్లనే పండుతది" అంది ఆమె. ఆటో డ్రైవరు పకపకా నవ్వాడు. "లోపట అడవిల గూడ లేదు మేడమ్, నేను చిన్నప్పటికెల్లి బర్ల ఎన్క తిరిగిన జాగనే ఇది" అన్నాడు.

వాళ్ళ నవ్వు వింటూ ఆ తియ్యటి పలచటి కాఫీ సగం తాగేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఎప్పుడో పదిహేనేళ్ళ కింద మా బడి పిల్లలతో అరకు విహారయాత్రకు వెళ్ళాం. వెళ్ళేటప్పుడు రైలుకు వరసగా సొరంగాలు, పొడుగాటి చెట్లకు పాకిన మిరియాల తీగలు, వాటి కింద నల్లగా నిగనిగలాడే ఆకులతో కాఫీ మొక్కలు. బస్సు ఘాట్ రోడ్డు దిగుతుంటే కుండపోత వాన, రోడ్డు పక్కన తడిసిన పసుపు రాయి. ఆ రాయి మీద ఉన్న పేరు అనంతగిరి. కాఫీ పండే అనంతగిరి అది. విశాఖపట్నం దాటి, తూర్పు కనుమల్లో, ఇక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో ఉంది. సువార్త వాళ్ళు పెట్టింది ఆ అనంతగిరి మొక్క. పెట్టుకున్న నమ్మకం మాత్రం ఈ అనంతగిరి మీద. వెంటనే ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే సువార్త "ఎక్కడిదాక వచ్చినవ్ అక్కా? రొట్టెలు చేస్తున్న, హోటల్ల ఏం తినకు" అంది. వెనక దావీదు ఏదో పాట పాడుతూ మొక్కల దగ్గర తిరుగుతున్నట్టు వినపడింది. మూడేళ్ళ కష్టం గురించిన మాట అలా ఫోన్‌లో అనేయడానికి నాకు నోరు రాలేదు. "వచ్చేస్తున్నా" అని పెట్టేశాను.

అప్పటికి పదిన్నర దాటింది. తాండూరుకు రైలు కోసం చూస్తే చాలాసేపు లేదు, అందుకని వికారాబాద్ బస్టాండులో ఆర్టీసీ బస్సు ఎక్కాను. ఆడవాళ్ళు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, జీరో టికెట్ ఇస్తారు. ఖర్చు లేని ప్రయాణమే గానీ తొందర ఉన్నవాళ్ళకు అది మంచి పరీక్ష. ప్రతి ఊరి దగ్గరా ఆగింది, ధారూర్‌లో మరీ తీరిగ్గా ఆగింది. ఎప్పటికి చేరుతుందని నేను కండక్టరును రెండోసారి అడిగితే, "ఎప్పుడు చేరాల్నో గప్పుడు చేరుతది మేడమ్, డ్రైవర్‌ను నేను గిచ్చాల్నా?" అన్నాడు. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కన్నడంలో ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు, నా గురించే అయ్యుంటుంది. నా ఒళ్ళో సంచి ఇటు పెడతాను, అటు పెడతాను. ఏమని మొదలుపెట్టాలి? చెప్పకపోతే సాయంత్రానికి బర్రెలు పోతాయి. చెబితే తోట పోతుంది. మధ్యలో నాకెందుకు ఈ తంటా అని కూడా అనుకున్నాను, దాచుకోను.

తాండూరు నాపరాళ్ళ ఊరు. పాలిష్ పట్టే చోట్ల మిషన్ల కింద నుంచి తెల్లటి బురద నీళ్ళు కాలువ కట్టి పోతుంటాయి, రోడ్డు పక్కన బండలు పలకల్లా ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. తీరిక ఉంటే పప్పు మిల్లుల వైపు కూడా ఒక చుట్టు తిరగమని చెబుతాను. ఇక్కడి కందిపప్పు అంటే ఇష్టపడేవాళ్ళు చాలా దూరం నుంచి మోసుకుపోతారు. ఆ కంది పంటకు బోర్లూ అక్కర్లేదు, చాలామంది వాన మీదే పండిస్తారు. నాకు తీరిక లేదు. పెద్దేముల్ వైపు షేర్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు. మనుషులు నిండితే గానీ కదలదు. ఇంకో ఇద్దరి డబ్బులు నేనే ఇస్తాను పోనివ్వమన్నాను.

"పైసల ముచ్చట కాదు మేడమ్. మా పెద్దమ్మ కూరగాయలకు పోయింది. ఆమెను ఇడిసిపెట్టి పోతే రేపటికెల్లి నాకు ఇంట్ల బువ్వ ఉండది" అన్నాడు డ్రైవరు. పెద్దమ్మ రెండు సంచులతో, చంకలో సొరకాయతో, ఏ తొందరా లేకుండా వచ్చింది. నా ఒళ్ళో సొరకాయ పెట్టి కూర్చుంది.

ఒంటిగంటన్నరకు సువార్త ఇంటి ముందు దిగాను. నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన ప్రహరీ, లోపల సిమెంటు తొట్టి, తొట్టి దగ్గర గౌరీ చుక్కా. స్టేటస్‌లలో చూసినదానికన్నా పెద్దవిగా ఉన్నాయి. సువార్త వాటి కొమ్ములకు నూనె రాసింది, మెడలు కడిగింది. బేరగాడు వస్తున్నాడని కాదట, పంపేటప్పుడు మురికిగా పంపడం తనకు ఇష్టం లేదట. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు. జొన్న రొట్టెలు, కందిపప్పు, వేయించిన మిరపకాయలు పెట్టింది. రెండు రొట్టెలు తిన్నాను గానీ రుచి తెలిసిందని చెప్పలేను.

"రాండి వదినా, ముందు తోట చూడుండ్రి" అని దావీదు నన్ను చెయ్యి కడుక్కోనివ్వలేదు కూడా. సువార్త నన్ను అక్కా అంటుంది కాబట్టి అతనికి నేను వదిననయ్యాను. మామిడి చెట్ల కింద, పైన పచ్చ వల కట్టి, అరెకరం కాఫీ మొక్కలు. నేను ఊహించుకున్నంత దిగులుగా ఏమీ లేవు, అదే నా ప్రాణానికి వచ్చింది. ఆకుల అంచులు ఎండకు మాడి గోధుమ రంగు తిరిగాయి. కొన్ని మొక్కలు చిక్కి మోకాళ్ళెత్తులోనే ఆగిపోయాయి. అయినా కొమ్మ కొమ్మకూ తెల్లటి పూల గుత్తులు, మల్లెపూల వాసన. "వారం రోజులు నీళ్ళు ఆపి, ఒక్కసారి మంచిగ తడిపిన వదినా. ఎనిమిది దినాలల్ల గిట్ల పూసినయ్. నేను పిచ్చోని లెక్క పొద్దుగాల లేచి గీడనే కూసుంటున్న" అన్నాడు. అతని మొహంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. ఎర్రనేల మీద కొత్త బోరుకు పాయింటు పెట్టిన చోటు చూపించాడు, కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్ళు చూసే పెద్దాయన వచ్చి గీసిన గుర్తు. సోమవారం లారీ రాగానే పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారట.

నీడలో మంచం వేసి సువార్త కాఫీ తెచ్చింది. నిరుడు ఒకటి రెండు చెట్లకే కాసిన గుప్పెడు పండ్లను బండ మీద ఆరబెట్టి, పెనం మీద వేయించి, మిక్సీలో పొడి చేసి దాచిందట, నేను వస్తే ఇద్దామని. గౌరి పాలు. మాడు వాసన గట్టిగానే ఉంది, పొడి సరిగ్గా దిగలేదు. అయినా అది కాఫీయే, ఒక మనిషి నా కోసం మూడేళ్ళు నీళ్ళు పోసి తెచ్చిన కాఫీ. నేను అడుగున మడ్డి కూడా వదల్లేదు. ఇద్దరూ నా మొహం వంకే చూస్తున్నారు. టైము మూడు. ఇక ఆగలేకపోయాను.

"దావీదూ, మొక్కలు అమ్మినాయన ఏమని చెప్పాడు?"

"అనంతగిరి కాఫీ అన్నడు వదినా. దానికి మస్తు పేరున్నదట, పట్నంల ఎగబడి కొంటరట. మన గుట్ట మీద పండేది మన చేన్ల పండదా అనుకున్న."

"పొద్దున నేను ఆ గుట్ట మీదికే వెళ్ళొచ్చాను. అక్కడ కాఫీ లేదు."

"లోపట ఉంటది. ఫారెస్టోళ్ళు పోనియ్యరు."

"లోపలా లేదు. కాఫీ అనంతగిరి వేరే ఉంది దావీదూ. విశాఖపట్నం అవతల, అరకు పోయే దారిలో. నేనూ పొద్దున్న గుట్ట ఎక్కేదాకా ఇదే అనుకున్నాను."

సువార్త ఫోన్ తీసి మ్యాపులో అనంతగిరి అని కొట్టింది. ఒక ఎర్ర చుక్క మా పక్కనే వచ్చింది. ఇంకొకటి ఎక్కడో సముద్రం దగ్గర వచ్చింది. దావీదు ఫోన్ అందుకుని ఆ రెండో చుక్కను రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. తెర నిండా ముదురాకు పచ్చ. ఇంకా పెద్దది చేశాడు, ఇంకా పచ్చ.

"వాడు అబద్ధం చెప్పలే పో" అన్నాడు చివరికి. "అనంతగిరి అన్నడు. ఏ అనంతగిరి అని నేనే అడగలే." అంతలోనే మళ్ళీ మొండికేశాడు. "అయినా చెట్టు బతికింది కద వదినా. పూసింది కద. పేరు ఏదైతేంది, నీళ్ళు పెడితే పండుతది. సోమవారం బోరు పడ్డదనుకో..."

అప్పుడు నేను మా పిల్లలు గోడపత్రికలో రాసిన లెక్క చెప్పాను. కప్పుకు దాదాపు నూట ముప్పై లీటర్లు. అటువైపు కొండల్లో ఆ నీళ్ళలో చాలామటుకు వానే పోసేస్తుందని, చెట్ల నీడ, మంచు, చల్లటి గాలి మిగతా పని చూసుకుంటాయని చెప్పాను. ఇక్కడ వానాకాలం దాటాక ప్రతి లీటరూ భూమిలోంచి తోడి పెట్టాల్సిందే. కప్పు కాఫీకి ఇంత అని అంకె రాయడం తేలికే, ఆ అంకెను ఇక్కడ బోరు మోయాలి.

"గాడ కాఫీకి బోర్లు ఏస్తరా అక్కా?" అని అడిగింది సువార్త.

"నేను చూసిన చోట వెయ్యలేదు. వానే."

ఆమె తొట్టి వైపు తిరిగి చూసింది. "అంటే గాడ వాన చేసే పని ఈడ నా బర్లు చెయ్యాల్నా?" అంది.

గట్టిగా కూడా అనలేదు. దావీదు లేచి మొక్కల్లోకి వెళ్ళిపోయాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు, లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. ప్రహరీ దాకా నడిచి వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. పూత మీద ఉన్న తోటను చూపించడానికి పిలిచినవాళ్ళ ఇంటికి వచ్చి ఈ మాట చెప్పి కూర్చున్నానే అని నా మీద నాకే చిరాకు వేసింది. సువార్త పాల గిన్నెలు తోముకుంది. దావీదు వరస వెంట వరస నడుస్తూ, ఒక్కో చెట్టు దగ్గరా వంగి నేలను వేలితో గుచ్చి చూస్తున్నాడు.

నాలుగు కాకముందే బేరగాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. గౌరి పళ్ళు చూడ్డానికి తొట్టి వైపు పోతుంటే సువార్త గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దావీదు మొక్కల్లోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అన్నా, బర్లను అమ్ముతలేం. ఏమనుకోకు. చాయ్ తాగి పో."

"గింత ఎండల పరేషాన్ అయి వస్తే గిప్పుడు చెప్తవా?" అని అతను గయ్యిమన్నాడు. చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ దుమ్ము అణగకముందే దావీదు బోరు లారీ అతనికి ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టాడు, ఒంటరిగా వినలేకనేమో.

"ఎందుకు వద్దంటవ్? ఎవడన్న తక్కువకొస్తనన్నడా?"

"లే అన్నా. ఊరు తప్పయింది."

"ఊరు తప్పుడేంది? మీ ఊరు నాకు ఎరుకే కద?"

"మా ఊరు కాదు అన్నా. కాఫీది" అని దావీదు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే పోయింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, నేరుగా బోరు దగ్గరికి వెళ్ళి వాల్వు తిప్పాడు. కాఫీ వరసల్లోకి పోతున్న నీళ్ళు ఆగిపోయాయి, బర్రెల గడ్డి మడిలోకి మళ్ళాయి. వానాకాలం ఇంకా రెండు నెలలు. అప్పటిదాకా నీళ్ళు లేకుండా ఆ పూలు కాయలు కావు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నేను అటు తిరిగి ఏడ్చాను. సువార్త వచ్చి, "జాలారి కాడ స్నానం నీళ్ళు పోతయి కద, గాడికి నాలుగు చెట్లు మారుద్దాం. బతికితే బతుకుతయి" అంది భర్తతో. అతను తలూపాడు. ఆ తర్వాత ఆమె గౌరి దగ్గరికి వెళ్ళి మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు అలా నిలబడింది.

దావీదే నన్ను బండి మీద తాండూరు స్టేషన్లో దింపాడు. సాయంత్రం హైదరాబాదు వైపు రైళ్ళు ఉంటాయి, శనివారాలు కూర్చోవడానికి చోటు దొరుకుతుందని మాత్రం ఆశపడకండి. వికారాబాద్ దాకా నిలబడే వచ్చాను. ఈ ప్రయాణం తర్వాత కాఫీ మానేశానని రాస్తే మీరు నమ్మరు, మా ఇంట్లోవాళ్ళు అసలే నమ్మరు. రెండుకు తగ్గించాను, అంతే. కానీ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఈ గింజ ఏ వాన తాగింది, ఏ బోరు తాగింది అన్న ఆలోచన ఒకటి వచ్చి కూర్చుంటుంది. తాగకుండా లేవలేను, తాగి తీరిగ్గానూ కూర్చోలేను. నీళ్ళ లెక్క పిల్లల చేత రాయించేటప్పుడు అంకె పక్కన ఊరు పేరు కూడా రాయించాలనిపిస్తోంది. ఆ ఒక్క ముక్క తెలియక ఒక మంచి మనిషి తన మూడేళ్ళను తప్పు నేలలో నాటుకున్నాడు.

ఇటువైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా ఇస్తాను. వికారాబాద్ అనంతగిరికి వానలు పడ్డాకే వెళ్ళండి. ఎవరైనా అనంతగిరి అని ఏది చెప్పినా, అది మొక్క కానివ్వండి, హోటల్ గది కానివ్వండి, ఏ జిల్లా అని అడిగాకే డబ్బు తీయండి. మొన్న దావీదు ఫోన్ చేసి, "వదినా, గా అనంతగిరికి ఏ రైలుకు పోవాలె? ఒక్కసారి కండ్లతోని చూడాలనున్నది" అన్నాడు. రాత్రి రైలుకు విశాఖ దాకా వెళ్ళి, పొద్దున్నే అరకు వైపు రైలు పట్టుకోవాలని చెప్పాను. మా ఆయనా నేనూ వస్తాం, నలుగురం కలిసి పోదామన్నాను. వెనక నుంచి సువార్త గొంతు వినపడింది.

"నేను రాను. నేనొస్తే బర్లకు నీళ్ళెవరు పెడ్తరు? మీరు పోయి, గాడ వాన ఎట్ల పడ్తదో మంచిగ చూసి రాండ్రి."